రాసిచ్చిన ఇల్లు వెనక్కి వస్తుందా?

ఇల్లు కొడుకు పేరున రాసిచ్చేశాక, అదే ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు లేక ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కిన పెద్దవాళ్ల గురించి తరచూ చదువుతున్నాం. ఆ ఇంటిని తిరిగి అడిగేందుకు ప్రత్యేకంగా ఓ చట్టం వచ్చింది 2007లోనే. అంతకుముందు వాళ్లు ముఖ్యంగా అడగగలిగింది మనోవర్తి, అంటే నెలనెలా పోషణ ఖర్చు.

అదీ అంత తేలిగ్గా రాలేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మనోవర్తి ఇప్పించింది భార్యాపిల్లలకే. 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణ కొడుకులతో పాటు కూతుళ్ల బాధ్యత కూడా అంది. 1973 కోడ్‌లోని 125వ సెక్షన్ మతంతో పని లేకుండా తల్లిదండ్రులందరికీ ఆ హక్కు ఇచ్చింది. పెళ్లయిన కూతురూ చూసుకోవాల్సిందేనని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలు 2001 దాకా లేదు! పైగా కోర్టు, వకీలు, వాయిదాలు. ఎనభై ఏళ్ల మనిషికి వాయిదా అంటేనే టెన్షన్.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చాక ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్ ముందే, వకీలు లేకుండా చెప్పుకునే వీలు దొరికింది. మనోవర్తికి మాత్రం నెలకు 10,000 అనే పరిమితి పెట్టారు. దాన్ని తీసేయాలని 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు.

అసలు కీలకం 23వ సెక్షన్. బాగోగులు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇస్తే, తీసుకున్నవాళ్లు మాట తప్పినప్పుడు ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. అయితే మన ఇళ్లలో ‘నన్ను చూసుకోవాలి’ అని దస్తావేజులో రాయించే తల్లి ఎంత అరుదు! కన్నకొడుకు దగ్గర షరతేమిటని సిగ్గుపడతాం. ఆ మొహమాటమే తర్వాత వాళ్ల కేసును బలహీనం చేస్తోంది. షరతు ఉందని చూపించాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకరి కేసు వచ్చింది. చివరిదాకా చూసుకుంటానని, లేకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని కొడుకు రాసిచ్చిన కాగితం తన దగ్గర ఉందని ఆమె చూపించారు. అది నకిలీదని కొడుకు వాదించాడు. పెద్దల మేలు కోసం వచ్చిన చట్టాన్ని ఉదారంగా చదవాలంటూ సుప్రీంకోర్టు ఆమె కొడుక్కి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసింది. స్వాధీనం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెబుతూ, ఫిబ్రవరి 28లోగా ఆస్తిని ఆమెకు అప్పగించమంది.