రెండు పిల్లలమర్రులు: మనుమలకు తాత ఉత్తరం

బిడ్డలూ,

మీరు ఏఐ యాప్‌తోని రాయిచ్చి వాట్సాప్‌ల పంపిన పిల్లలమర్రి వ్యాసం చదివిన. భాష మంచిగుంది, ఒక్క అచ్చుతప్పు లేదు, కానీ అది చదివినోళ్లు మహబూబ్‌నగర్ మర్రిచెట్టు పక్కన్నే కాకతీయుల నాటి గుళ్లున్నయని అనుకుంటరు. ఆ గుళ్లు సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అనే ఊర్ల ఉన్నయి, రేచర్ల రెడ్లు కట్టిచ్చినయి. చెట్టేమో పాలమూరుది, మూడెకరాలకు మించి ఊడలు దించింది, ఏడు వందల ఏండ్లదంటరు. పేరొక్కటే గానీ ఇక్కడికీ అక్కడికీ పూట ప్రయాణం.

ఆ ఏఐ యాప్ పుస్తకం తెరిచి చూసి చెప్తున్నదనుకోకండి. దానితోని లెక్కలేనంత రాత చదివిపిచ్చి, ఒక మాట తర్వాత ఏ మాట వస్తదో అంచనా కట్టుడు నేర్పినరు, ఇప్పుడు కొన్ని నెట్‌ల వెతికి కూడ చెప్తున్నయి గానీ వాక్యం అల్లేది మాత్రం అట్లనే. పిల్లలమర్రి అనంగనే చెట్టు, గుడి, కాకతీయులు, శాసనం అన్నీ ఆ పేరు చుట్టే కనిపిస్తయి, ఇంక అన్నిటిని కలిపి కుట్టేస్తది. తాజ్‌మహల్ మీద ఉన్నంత రాత మన ఊర్ల మీద లేదు కద, అందుకే మన దిక్కు ఇంకా ఎక్కువ తడబడ్తది. తెల్వని సంగతి చెప్పేటప్పుడు మనిషి కొంచెం నసుగుతడు, అది నసగదు, తప్పు గూడ గంత ధీమాగనే చెప్తది.

చెట్టుకు సెలైన్ ఎక్కిచ్చిన లైను నమ్మబుద్ధి కాక కొట్టేసినమన్నరు. అయ్యో, అదే నిజం! 2018ల చెదలు పట్టి చెట్టు పాడైతుంటే సెలైన్ సీసాలల్ల పురుగుమందు నీళ్లు పోసి బొట్టుబొట్టుగ ఎక్కిచ్చినరు. అబద్ధమేమో నున్నగ సదివిపిచ్చుకున్నది, నిజమేమో కట్టుకథ లెక్క అనిపిచ్చింది, మరి చెవికి ఇంపుగున్నదని ఎట్ల నమ్ముతం?

"ఇది నిజమేనా" అని మల్ల ఆ యాప్‌నే అడగకండి. 2023ల అమెరికాల, న్యూయార్క్ కోర్టుల గిట్లనే అయింది. వకీళ్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత కేసులు కాయితంల పెట్టినరు, అసలు అసొంటి కేసులే లేవు. అండ్ల ఒకాయన అనుమానమొచ్చి దాన్నే అడిగితే నిజమేనన్నది. జడ్జి 5000 డాలర్లు జుర్మానా ఏసిండు. పెద్ద సదువులు సదివినోళ్లే ఆగం అయిండ్రు.

ఆ యాప్‌తోని నల్లగొండ మీద రాయిస్తే ఆ పేజీల ఒక కన్నేసి ఉంచండి, మన ఊరి పాత పేరు నీలగిరి, తమిళనాడు నీలగిరి కొండల టీ తోటలు తెచ్చి మనకు అంటగట్టొచ్చు. నాగార్జునసాగర్‌కు రెండు తారీఖులున్నయి, నెహ్రూ గారు పునాదిరాయి ఏసింది 1955 డిసెంబర్ 10, ఇందిరాగాంధీ గారు కాల్వలకు నీళ్లు ఇడిసింది 1967 ఆగస్టు 4, ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పే కాడ ఇదొకటి. నేను చెప్పిన్నని కూడ ఎక్కియ్యకండి, జిల్లా లైబ్రరీల చూసి, ఏ పుస్తకం ఏ పేజీనో పక్కన పెన్సిల్‌తోని రాసుకోండి.

మీ తాత