చిన్న పిల్లల్లో పక్షవాతం, వదలని జ్వరాలు: డాడా2పై అపోహలు - వాస్తవాలు

ఏడీఏ2 అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తే వచ్చే జబ్బు డాడా2. దీనికి కారణమైన జన్యువును 2014లో గుర్తించారు. అంతకుముందు ఈ పిల్లల్లో చాలామందికి పాలీఆర్టరైటిస్ నోడోసా అనే రక్తనాళాల వాపు జబ్బు ఉందని రాసి మందులు ఇచ్చేవాళ్లం. పిల్లల కీళ్లు, రక్తనాళాల జబ్బులు చూసే డాక్టర్‌గా నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: జ్వరం, చర్మంపై మచ్చలు, పక్షవాతం వేర్వేరు సమస్యలు.

వాస్తవం: ఈ పిల్లల విషయంలో మూడింటికీ మూలం ఒకటే కావచ్చు. ఒక తల్లి మూడు ఫైళ్లు పట్టుకొచ్చింది, ఒక్కో డాక్టర్ దగ్గర ఒక్కోటి. పాప కాళ్లు చూశాను. పాదాల నుంచి మోకాళ్ల దాకా ఊదారంగు వల పరిచినట్టు గీతలు. వలలో గళ్లు పూర్తిగా మూసుకోలేదు, ఎక్కడికక్కడ తెగి ఉన్నాయి. చలికి వచ్చే మచ్చలైతే వెచ్చగా దుప్పటి కప్పితే పోతాయి. ఇవి పోలేదు. దయచేసి పిల్లల కాళ్లు మంచి వెలుతురులో చూడండి.

అపోహ: పక్షవాతం కాబట్టి వెంటనే ఆస్పిరిన్ మొదలుపెట్టాలి.

వాస్తవం: నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఈ జబ్బులో మెదడు లోతుల్లో ఉండే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. అవి మూసుకుపోవచ్చు, చిట్లనూవచ్చు. అందుకే రక్తాన్ని పలుచబరిచే మందులతో మెదడులో రక్తస్రావం అయ్యే ముప్పు ఉంది, సాధారణంగా వాటికి దూరంగా ఉంటాం. పక్షవాతాన్ని ఆపేవి ఒంట్లో వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు: ఎటానర్సెప్ట్, అడాలిముమాబ్ లాంటివి. స్టెరాయిడ్లతో జ్వరం తగ్గినా పక్షవాతం మళ్లీ రాదన్న భరోసా లేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. బాగున్నాడు కదా అని మధ్యలో మీ అంతట మీరు మానేయకండి.

అపోహ: ఏడీఏ టెస్ట్ చేయించాం, టీబీ లేదన్నారు. ఇక ఈ జబ్బు కూడా లేనట్టే.

వాస్తవం: టీబీ కోసం చేసేది మొత్తం ఏడీఏను, అంటే ఏడీఏ1, ఏడీఏ2 రెండింటినీ కలిపి కొలిచే పరీక్ష, తరచుగా ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలో చేస్తారు. మాకు కావాల్సింది రక్తంలో ఏడీఏ2 ఒక్కదాని పనితీరు, దాంతోపాటు జన్యు పరీక్ష. పేరు కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కాదు.

అపోహ: తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, ఇది వంశపారంపర్యం ఎలా అవుతుంది?

వాస్తవం: లోపమున్న జన్యువు ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ ఉండి, రెండూ బిడ్డకు చేరితే జబ్బు వస్తుంది. ప్రతి గర్భంలోనూ ఆ అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఇది జరిగే అవకాశం పెరుగుతుంది, కానీ బయటి సంబంధం చేసుకున్నవాళ్లకూ వస్తుంది. తప్పు ఎవరిదీ కాదు, కోడలిని నిందించడం అసలే వద్దు. ఒకే ఇంట్లో అన్నకు పక్షవాతం వస్తే, అదే లోపమున్న చెల్లికి రక్తం తగ్గడం ఒక్కటే కనిపించవచ్చు. అసలు ఏ లక్షణమూ లేకపోవచ్చు కూడా. అందుకే తోబుట్టువులందరికీ పరీక్ష చేయమంటాం.

అపోహ: దీనికి ఎముక మూలుగు మార్పిడి ఒక్కటే దారి.

వాస్తవం: చాలామందికి ఇంజెక్షన్లు సరిపోతాయి. ఎముక మూలుగు రక్తకణాలను తయారుచేయలేకపోతే మాత్రం మార్పిడి గురించి ఆలోచిస్తాం, ఎందుకంటే ఆ సమస్యకు ఈ ఇంజెక్షన్లు అంతగా పనిచేయవు. తోబుట్టువు దాతగా ముందుకొస్తే, ముందు వాళ్ల ఏడీఏ2 చూడాలి, లక్షణాలు లేకపోయినా వాళ్లకూ అదే లోపం ఉండొచ్చు.