ఆక్సిజన్ గది గురించి మీరడిగిన ప్రశ్నకు

ప్రియమైన చిన్నారికీ, బాబీకీ,

మొన్న ఫోన్లో ఇద్దరూ పోటీపడి అడిగారు. మీ క్లాసులో సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉన్న అబ్బాయిని వాళ్ళ అమ్మానాన్నలు ఆక్సిజన్ గదిలో కూర్చోబెట్టే వైద్యానికి తీసుకెళ్దామనుకుంటున్నారట, దాంతో వాడు మామూలుగా నడిచేస్తాడా అని. ఉద్యోగమంతా ఇలాంటి పిల్లల కాళ్ళూ చేతులతోనే గడిపిన ఫిజియోథెరపిస్టుని, ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అలా చెప్తే అమ్మమ్మ చెప్పిందని మీరు నమ్మేస్తారు. అది నాకిష్టం లేదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే.

ముందు మీ ఫ్రెండు కాళ్ళ సంగతి. సీపీ అంటుకునేది కాదు. తల్లి కడుపులోనో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో ఎదుగుతున్న మెదడులో కొంత భాగం దెబ్బతింటుంది. ఆ దెబ్బ ఇక పెరగదు. కండరానికి బిగుసుకోమనీ, వదులవమనీ చెప్పాల్సింది మెదడే. వదులవమనే కబురు సరిగ్గా అందకపోతే కండరం బిర్రబిగుసుకునే ఉంటుంది. వాడు మునివేళ్ళ మీద నడుస్తాడన్నారే, పిక్క కండరం మడమను పైకి లాగేయడం వల్లే. దెబ్బ పెరగకపోయినా పిల్లాడు పెరుగుతాడు కదా! ఎముక సాగినంత జోరుగా ఆ కండరం సాగలేదు. అందుకే చిన్నప్పుడు లేని ఇబ్బంది పన్నెండో ఏట కనిపిస్తుంది. మాట ముద్దగా వస్తోందని తెలివి తక్కువని మాత్రం అనుకోకండి. నాలుకను కదిలించేవీ కండరాలే.

"పుట్టగానే ఏడవలేదు, అందుకే ఇలా అయింది" అని మన ఊళ్ళల్లో చెప్తారు. గ్రహణం చూసిందని తల్లిని తిట్టేవాళ్ళూ ఉన్నారు. గ్రహణం మాట వదిలేద్దాం. ఏడవకపోవడం గురించి మాత్రం పెద్ద పెద్ద డాక్టర్లే వాదించుకున్నారు. 1861లో లండన్‌లో విలియం లిటిల్ అనే సర్జన్, కష్టమైన కాన్పులో ఊపిరాడకపోవడం వల్లే ఇలా జరుగుతుందన్నాడు. ఆయనకూ చిన్నప్పటి నుంచి ఒక పాదం వంకరే. 1897లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ (తర్వాత కలల మీద పుస్తకం రాసిన ఆయనే) ఎదురు ప్రశ్న వేశాడు. కడుపులోనే ఏదో తేడా జరిగిన బిడ్డకు కాన్పు కష్టమవుతోందేమో, అప్పుడు కష్టమైన కాన్పు కారణమెలా అవుతుంది అని. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1986లో అమెరికాలో వేలమంది పిల్లలను కడుపులో ఉన్నప్పటి నుంచి ఏడేళ్ళ వయసు దాకా గమనించిన లెక్కలు బయటికొచ్చాయి. సీపీ వచ్చినవాళ్ళలో, కాన్పులో ఊపిరాడకపోవడమే కారణమని చెప్పదగ్గ పిల్లలు కొద్దిమందే. మన దేశంలో కాన్పు దగ్గర ఊపిరాడని పిల్లలు అక్కడికంటే ఎక్కువ, కాబట్టి లిటిల్ మాటను పూర్తిగా కొట్టెయ్యలేం. తల్లినో, మంత్రసానినో ముద్దాయిని చేసేముందు కాస్త ఆగాలి, అంతే.

నాకు బాగా నచ్చిన కథ ఇంకోటుంది. పుట్టిన పిల్లలకు కామెర్లు మరీ ముదిరితే ఆ పసుపు పదార్థం, బిలిరుబిన్, మెదడులోకి చేరి ఒకరకం సీపీ తెస్తుంది. 1950ల్లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఎండలోకి తీసుకెళ్ళేది. ఒకరోజు ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా పసుపు తగ్గింది కానీ దుప్పటి కొస కప్పిన చోట మాత్రం చిక్కటి పసుపు మిగిలింది. అక్కడే ఎండలో మరిచిపోయిన రక్తం సీసాలో కూడా బిలిరుబిన్ తగ్గిందని తర్వాత తేలింది. 1958 కల్లా లైటు కింద పెట్టే వైద్యం పుట్టింది. మన అమ్మమ్మలూ పసిబిడ్డలను లేత ఎండలో పడుకోబెట్టేవాళ్ళు, నిజమే. కానీ కామెర్లు ఎక్కువగా ఉంటే ఎండ సరిపోదు, ఆసుపత్రిలో నీలం లైటు కావాల్సిందే.

ఇప్పుడు ఆక్సిజన్ గది. దెబ్బతిన్న చోటు చుట్టూ ఇంకా చావని, నిద్రపోతున్న కణాలుంటాయనీ, ఒత్తిడితో ఆక్సిజన్ పంపితే లేస్తాయనీ దాన్ని నడిపేవాళ్ళు చెప్తారు. వినడానికి బాగుంది. వెళ్ళొచ్చిన పిల్లల్లో మార్పు కనబడిందని తల్లులూ అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. చిన్నారీ, నువ్వు పెరుగు చక్కెర తిని లెక్కల పరీక్షకు వెళ్ళావు, తొంభై మార్కులొచ్చాయి. పెరుగు వల్లా, చదవడం వల్లా? పెరుగు తినకుండా చదివిన పిల్లలకు ఎన్నొచ్చాయో చూస్తే తప్ప తేలదు.

కెనడాలోని క్యూబెక్‌లో సరిగ్గా అదే చేశారు. ఫలితం 2001లో వచ్చింది. మూడు నుంచి పన్నెండేళ్ళ లోపు సీపీ పిల్లలు 111 మంది. సగం మందికి ఒత్తిడి గదిలో అచ్చమైన ఆక్సిజన్, మిగతా సగానికి అలాంటి గదిలోనే కొద్దిపాటి ఒత్తిడితో మామూలు గాలి. ఎవరికి ఏది అందుతోందో పిల్లలకు గానీ అమ్మానాన్నలకు గానీ తెలియదు. నలభై సార్లు, సారికి గంట. చివర్లో చూస్తే కూర్చోవడం, పాకడం, నడవడం ఆక్సిజన్ పిల్లల్లో మెరుగయ్యాయి. గాలి పిల్లల్లోనూ అంతే మెరుగయ్యాయి! చెవి ఇబ్బందులు మాత్రం ఆక్సిజన్ పిల్లలకు ఎక్కువ.

మరి రెండు జట్లూ ఎందుకు మెరుగైనట్టు? పిల్లలు ఎలాగూ ఎదుగుతారు. పైగా రోజూ అమ్మో నాన్నో గంటసేపు పక్కనే ఉండి, ఇవాళ ఏం చేశాడా అని కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తుంటే ఏ పిల్లాడికైనా హుషారొస్తుంది. కొద్దిపాటి ఒత్తిడే పనిచేసిందేమో అని ఆ గదుల వాళ్ళు వాదించారు. 2012లో అమెరికాలో ఇంకో పరీక్ష అచ్చయింది. అందులోనూ ఆక్సిజన్ పిల్లలకు ప్రత్యేకంగా లాభం కనిపించలేదు.

పోల్చి చూడటం ఎంత అవసరమో మన దగ్గర జరిగిన ఒక పరీక్ష ఇంకా గట్టిగా చూపించింది. పుట్టగానే ఊపిరాడని బిడ్డ ఒంటిని 72 గంటలపాటు 33.5 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే మెదడు దెబ్బ తగ్గుతుందని 2005 నుంచి పశ్చిమ దేశాల్లో నిరూపించారు. అదే పద్ధతిని ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పసిపిల్లలతో పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు. చల్లబరిచిన వాళ్ళలో 42 శాతం, చల్లబరచని వాళ్ళలో 31 శాతం చనిపోయారు. అక్కడ కాపాడిన వైద్యం ఇక్కడ కాపాడలేదు. దీని మీద డాక్టర్ల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. పరీక్షకు నిలబడిన వైద్యాలూ ఉన్నాయి లెండి. నెలలు నిండకుండా కాన్పయ్యే తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు ఇస్తే బిడ్డకు సీపీ వచ్చే అవకాశం తగ్గుతుందని చాలా పరీక్షల్లో తేలింది.

మా వృత్తినీ ఇదే తక్కెడలో తూచారు. ఎవరో ఒకరు కాళ్ళు సాగదీస్తుంటే పిల్లాడు ఊరికే పడుకునే పద్ధతితో వచ్చే లాభం తక్కువ. వాడే కోరుకున్న పనిని, వాడి చేతులతో, వాడి కాళ్ళతో, ఇంట్లోనూ బళ్ళోనూ మళ్ళీ మళ్ళీ చేయించడమే ఎక్కువ పనిచేస్తుంది. ఒక చెయ్యి బలహీనంగా ఉన్న పిల్లలకు బాగున్న చేతిని రోజూ కొంతసేపు తొడుగులో పెట్టి, రెండో చేత్తో ఆడిస్తారు. కండరం బిగుతుకు బొటాక్స్ ఇంజెక్షన్లున్నాయి, కానీ వాటి పని కొన్ని నెలలే. ఆ కొన్ని నెలల్లో సాధన చేయించకపోతే డబ్బు దండగ.

కాబట్టి వాళ్ళ అమ్మగారికి ఆ గది మీద ఖర్చు పెట్టొద్దనే చెప్తాను, మీరు కాదు, నేనే ఫోన్ చేస్తాను. పెద్దవాళ్ళకు మీరు చెప్పబోతే బాగుండదు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, ఫిజియోథెరపీకి అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. వెళ్తున్నారో లేదో కూడా అడుగుతాను. మీరు చేయాల్సింది వేరే ఉంది. వాడికి ఏం చేయాలని ఉందో వాణ్ణే అడగండి. బౌలింగా, మెట్లెక్కడమా, తన టిఫిన్ బాక్సు తనే మూత తీసుకోవడమా? వాడు చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. దానికి తగ్గ ఆట నేను ఆలోచిస్తాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ