బాటలో రాయి ఎందుకు ఊగుతుంది?

ఒంగోలు

చి॥ చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

కార్తీకం వానలకు మీ పెరటి బాటలో రాళ్ళు ఊగుతున్నాయనీ, కాలు వేస్తే సందుల్లోంచి బురదనీళ్ళు చిమ్ముతున్నాయనీ చిన్ని రాసింది. "అంత బరువున్న రాయి ఎలా ఊగుతుంది తాతయ్యా?" అని అడిగింది. సరిగ్గా అడిగావు తల్లీ. 2 అడుగుల చదరం, 2 అంగుళాల మందం ఉన్న గ్రానైట్ పలక 50 కిలోల దాకా తూగుతుంది. అయినా ఊగుతుంది.

మట్టికుండను కుదురు మీద పెట్టడం చూశారుగా? బాటలో రాయి కుండ, ఇసుక కుదురు. రాయి అడుగున ఎక్కడో ఒక బొడిపె ఉంటుంది. గట్టినేల మీద పెడితే ఆ బొడిపె మీదే నిలబడి ఊగుతుంది. ఇసుక ఆ బొడిపెకు చోటిచ్చి చుట్టూ పట్టుకుంటుంది. మరి కుదురునే బురదలో పెడితే? కుండ ఒరుగుతుంది. అందుకని కుదురు కింద అరుగు కావాలి, అదే కంకర. కుదురు మరీ లావైనా కుండ ఒక పక్కకు కుంగుతుంది, కాబట్టి ఇసుక అంగుళంన్నర మించకూడదు. కుదురు విడిపోకుండా చుట్టూ తాడు బిగించినట్టు బాటకు రెండు వైపులా అంచురాళ్ళు నిలువుగా పాతాలి. మీ బాటకు ఈ మూడూ లేవురా అబ్బాయ్, మట్టి మీదే రాళ్ళు పరిచేశారు.

సంక్రాంతి దాటాక, నేల ఆరి ఇంకా బీటలు పడకముందు మీ నాన్నను మళ్ళీ వేయించమనండి. 20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాలు. ఎర్రనేల అయితే 7 అంగుళాలు తవ్వితే సరిపోతుంది: 4 కంకర, ఒకటిన్నర ఇసుక, 2 రాయి, ఆ మిగిలిన అరంగుళం రాయి నేలకు పైన ఉంటుంది. మనది తడికి ఉబ్బే నల్లరేగడి గనక అడుగు లోతు తవ్వి, అడుగున 5 అంగుళాలు ఎర్ర గ్రావెల్ పోసి తడిపి దిమ్మిస వేయాలి. ఆ పైన డస్ట్ (రాతిపొడి) కలిపిన 20 ఎం.ఎం. కంకర. కొలిస్తే 20 ఘనపుటడుగులే, కానీ దిమ్మిసకు అణుగుతుంది కాబట్టి 25 తెప్పించండి. ఇసుక 8 చాలు. కంకరను ఒకేసారి పోయొద్దు. 2 అంగుళాల చొప్పున రెండు వరసలు పోసి, తడిపి కొట్టాలి. మడమతో గట్టిగా తొక్కినా గుంట పడకూడదు. ఈ పని పైకి కనపడదు, అందుకే అందరూ ఇక్కడే తొందరపడతారు.

ఇంటి గోడ వైపు నుంచి అవతలి అంచుకు ముప్పావు అంగుళం వాలు ఉండాలి. తాడు కట్టి, నీళ్ళు నింపిన లెవెల్ పైపుతో చూసుకోవాలి. రాయిని ఈడ్చకుండా ఇద్దరు పెద్దవాళ్ళు పట్టి దించాలి, మీరు వేళ్ళు పెట్టొద్దు. రబ్బరు సుత్తితో నాలుగు మూలలా కొట్టి వినండి. డొల్లగా మోగితే కింద ఖాళీ ఉన్నట్టే. రాయి ఎత్తి ఇసుక సర్దాల్సిందే. కొందరు అంచు కింద చిప్పరాయి దోపి "అయిపోయింది" అంటారు. అది కొత్త బొడిపె, ఇంకో వానకు రాయి దాని మీదే ఊగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. సందులు అరంగుళం ఉంచి పొడి ఇసుక చీపురుతో ఊడ్చి నింపండి, నీళ్ళు చల్లి మర్నాడు మళ్ళీ నింపండి. సందుల్లో సిమెంటు వద్దు, కింద ఇసుక కదిలితే అది పగులుతుంది.

మా చిన్నతనంలో బడిలో రాసుకునే పలక అంటే మార్కాపురం పలకే. ఎంత నున్నన! చేయి జారిందా, పెంకులే. అంత పల్చటి రాయి బాటకు పనికిరాదు. చీమకుర్తి నల్లరాయి మందంగా దొరుకుతుంది గానీ పాలిష్ పడితే తడికి జారుతుంది, మే నెలలో అరికాళ్ళు కాలుస్తుంది. బూడిదరంగు రాయి తెచ్చి గరుకు వైపు పైకి వేయండి. నల్లరాయి ముక్క ఒకటి మాత్రం దాచుకుని ఎండలో అటూ ఇటూ తిప్పండి. అందులో మెరిసేది బ్రోంజైట్ అనే ఖనిజం. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారుతూ ఆ చుక్కలు పేర్చుకుంది. ఎంత ఓపికో!

బాట పక్కన మొక్కలకు అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వండి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపి, రాయి కంటే అంగుళం కిందికే నింపండి, లేకపోతే వానకు మట్టి బాట మీదికి వస్తుంది. రాళ్ళ వెంట గడ్డిగులాబీలు అర అడుగుకొకటి, వెనక బిళ్ళగన్నేరు అడుగుకొకటి. వీటికి నీళ్ళు తక్కువ చాలు. అమ్మకు కనకాంబరాలు కావాలంటే బాటకు దూరంగా వేయమనండి. రోజూ పెట్టే నీళ్ళు రాళ్ళ కిందికి ఇంకితే నల్లరేగడి ఉబ్బుతుంది. వేప, బాదం దగ్గరికి రానివ్వొద్దు, వేళ్ళు రాళ్ళను లేపేస్తాయి.

నల్లరేగడి నిజంగా ఉబ్బుతుందా అంటారా? రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో ఎండిన నల్లమట్టి పొడి, ఇంకోదాంట్లో ఇసుక, రెండంగుళాల మేర పోసి గ్లాసు మీద గీత గీయండి. నీళ్ళు పోసి తెల్లారేదాకా కదపకండి. ఏ గ్లాసులో మట్టి గీత దాటిందో, ఎంత దాటిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య