మండే ఇంజిన్ లోపలికి చూడాలంటే

ప్రియమైన పిల్లలకు,

విమానం రెక్క కింద ఉండే ఇంజిన్‌ను తయారు చేయకముందే కంప్యూటర్‌లో నడిపి చూస్తారంటే అదెలా అని అడిగారు కదా. ముందు ఒక పాత సంగతి చెప్తాను.

1937 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ విటిల్ అనే ఇంజనీరు తన మొదటి జెట్ ఇంజిన్‌ను నడిపి చూశాడు. ఇంధనం వాల్వు కట్టేసినా అది ఆగలేదు సరికదా, వేగం ఇంకా పెరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు పరుగందుకున్నారు. అంతకుముందే లోపల ఇంధనం కారి, అడుగున మడుగు కట్టిందని తర్వాత తేలింది. వాల్వు కట్టేశాక మండింది అదే. కాగితం మీద ఎన్ని లెక్కలు వేసుకున్నా, ఇలాంటివి ఇంజిన్‌ను తిప్పితేనే బయటపడేవి.

ఇప్పుడు ఇంజిన్ ఆకారాన్ని కంప్యూటర్‌లో గీసి, గాలి పోయే చోటునంతా లక్షల, కోట్ల చిన్న గడులుగా విడగొడతారు. దీన్ని మెష్ అంటారు. ఒక్కో గడిలోకి ఎంత గాలి వచ్చింది, ఎంత పోయింది, ఏ బలం దాన్ని ఎటు నెట్టింది, ఎంత వేడి చేరింది అని లెక్క చూస్తారు. పక్క గడుల లెక్కతో పొంతన కుదిరేదాకా కంప్యూటర్ మళ్లీ మళ్లీ వేస్తూనే ఉంటుంది. ఈ లెక్కకు వాడే సమీకరణాలు నావియర్, స్టోక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరుతో 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. ఇంజిన్ లాంటి చిక్కు ఆకారానికి వాటిని చేత్తో సాధించడం మనుషుల వల్ల కాలేదు, అంతే.

దీని విలువ తెలియాలంటే టర్బైన్ బ్లేడును, అంటే మంట వాయువు తోస్తే తిరిగే చక్రానికి ఉండే రెక్కను చూడాలి. నాకు ఇంజిన్ మొత్తంలో అన్నిటికన్నా అబ్బురమనిపించేది అదే. దాన్ని తాకే వాయువు వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. బ్లేడును తయారు చేసిన నికెల్ మిశ్రమ లోహమేమో 1,300 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. మరి కరిగిపోదేం? బ్లేడు లోపల బోలుగా ఉంటుంది, ఒంటినిండా సన్నని రంధ్రాలుంటాయి. ఇంజిన్ ముందు భాగంలో గాలిని నొక్కిపెట్టే కంప్రెసర్ నుంచి మళ్లించిన గాలి వాటిలోంచి వచ్చి, బ్లేడు మీద పలుచని దుప్పటిలా పరుచుకుంటుంది. ఆ గాలి మరీ జోరుగా చిమ్మితే బ్లేడును వదిలి పైకి లేస్తుంది, కింది సందులోకి మంట వాయువు దూరుతుంది. రంధ్రం ఎంత వాలుగా ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది ప్రాణసమానమైన ప్రశ్న. నిమిషానికి వేలసార్లు తిరిగే ఆ బ్లేడు మీద అంగుళం అంగుళానికీ థర్మామీటర్ పెట్టలేం. కంప్యూటర్‌లో నడిపి చూసే ఈ పద్ధతి, అంటే సిమ్యులేషన్ అయితే ప్రతి మూలా ఎంత వేడెక్కుతుందో రంగుల్లో చూపిస్తుంది. వంద రకాల రంధ్రాలను లోహం ముట్టుకోకుండానే పోల్చి చూడొచ్చు.

అయితే ఆ రంగుల బొమ్మ అందంగా ఉందని నమ్మేయకండి. గాలిలో పుట్టే అతి చిన్న సుడులన్నిటినీ లెక్కించే శక్తి కంప్యూటర్లకు ఇంకా లేదు. వాటి బదులు ఉజ్జాయింపు సూత్రాలు వాడతారు, తప్పులు ఎక్కువగా దూరేది అక్కడే.

అందుకే ప్రయాణికుల విమానానికి కొత్త ఇంజిన్ వస్తే, పూర్తి వేగంతో తిరుగుతుండగా ముందున్న ఫ్యాన్ బ్లేడు ఒకదాన్ని చిన్న పేలుడుతో కావాలనే ఊడగొడతారు. ముక్కలు కవచం దాటి బయటికి రాకూడదు. ఏం జరగబోతుందో ముందే కంప్యూటర్‌లో చూసుకున్నా, ఖరీదైన ఆ ఇంజిన్‌ను బలిచ్చి మరీ చూస్తారు. తర్వాత హైస్పీడ్ కెమెరా తీసిన వీడియోను, సిమ్యులేషన్‌ను పక్కపక్కన పెట్టుకుని, రెండూ ఎక్కడ తేడా కొట్టాయో వెతుకుతూ కూర్చుంటారు.

ప్రేమతో,
మీ తాతయ్య