టామ్ విల్స్ విగ్రహం దగ్గర వినిపించే అపోహలు - వాస్తవాలు

శనివారాలు మెల్‌బోర్న్‌లో పిల్లల ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తుంటాను. మన తెలుగు నాన్నలు ఎంసీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) బయట పాతకాలపు క్రికెటర్ టామ్ విల్స్ విగ్రహం చూసొచ్చి, బ్రేక్‌లో నన్ను పట్టుకుంటారు. "అన్నా, ఈ ఆట కనిపెట్టింది ఈయనేగా?"

అపోహ: విల్స్ ఒక్కడే కనిపెట్టాడు.

1858 జులై 10న పత్రికలో ఉత్తరం వచ్చింది ఆయన పేరు మీదే. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు మొద్దుబారకుండా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టాలన్నాడు. అది కుదరకపోతే రైఫిల్ క్లబ్ అయినా పెట్టమన్నాడు. ఈ ముక్క ఎవరూ చెప్పరు. 1859 మే 17న నిబంధనలు రాసేటప్పుడు మాత్రం ఆయనతో పాటు హామర్‌స్లీ, థాంప్సన్, స్మిత్ కూడా ఉన్నారు. ఇంగ్లండ్‌లో రగ్బీ స్కూల్లో చదివొచ్చిన విల్స్‌కి ఆ పద్ధతుల మీదే మోజు. మిగతావాళ్లు పడనివ్వలేదు. ఎదుటివాళ్ల కాళ్ల మీద తన్నడం వద్దన్నారు. మొత్తం పది నిబంధనలు రాశారు. కాలితో కొట్టిన బంతిని నేరుగా పట్టుకుంటే ఇచ్చే 'మార్క్' అందులోదే, ఇవాళ్టికీ దానికే ఈల ఊదుతున్నాను. కానీ నేల మీది బంతిని చేత్తో ఎత్తకూడదనే రూలూ అందులో ఉంది. అది పెడితే మా బుడతలు ఒక్క నిమిషం ఆడలేరు. బంతిని నేలకు కొడుతూ పరిగెత్తాలన్నది 1866లో చేరింది.

అపోహ: 1858 ఆగస్టు 7న జరిగింది ఇప్పటి ఫుటీయే.

స్కాచ్ కాలేజీ, మెల్‌బోర్న్ గ్రామర్ అనే రెండు స్కూళ్ల మధ్య ఆట అది. విగ్రహంలో ఉన్నది ఆ రోజు అంపైరింగ్ చేసిన విల్సే. జట్టుకు 40 మంది. మూడు శనివారాలు ఆడితే చెరో గోలు వచ్చింది, డ్రా. నిబంధనలు కాగితం మీదికి రావడానికి ఇంకా తొమ్మిది నెలలుంది. నాకు జేబులో రూల్‌బుక్ ఉన్నా తిట్లు తప్పట్లేదు, ఆయన ఎలా నెట్టుకొచ్చాడో!

అపోహ: ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్‌కి ఇది కాపీ.

గేలిక్ నిబంధనలు రాసింది 1880ల్లో. తేదీలు చూస్తే చాలు.

అపోహ: ఆదివాసుల 'మార్న్‌గ్రూక్' ఆటే ఫుటీ అయింది. దీనికి ఎదురు అపోహ: అసలు సంబంధమే లేదు.

ఇక్కడ నేను ఈల నోట్లో పెట్టుకుని ఆగిపోతాను. విల్స్ పెరిగింది పశ్చిమ విక్టోరియాలో, జాబ్ వురుంగ్ అనే ఆదివాసీ జనం నేల మీద. వాళ్ల పిల్లలతో ఆడాడు, వాళ్ల భాష మాట్లాడాడు. ఆ ప్రాంతంలో తోలు బంతిని పైకి తన్ని, ఎగిరి పట్టుకునే ఆట ఉండేది. అయితే దాన్ని చూసే ఫుటీకి రూపం ఇచ్చానని విల్స్ రాసిన కాగితం ఒక్కటీ దొరకలేదు. చరిత్రకారులు రెండు వర్గాలయ్యారు. 2019లో ఫుటీని నడిపే ఏఎఫ్‌ఎల్ మాత్రం మార్న్‌గ్రూక్ ప్రభావాన్ని ఒప్పుకుంది. నా మటుకు నాకు, ఒక పిల్లాడు తోటిపిల్లల దగ్గర భాష నేర్చుకుని ఆట మాత్రం నేర్చుకోలేదంటే నమ్మబుద్ధి కాదు. అలాగని నమ్మకాన్ని రుజువని చెప్పను.

అపోహ: తండ్రి చావుతో ఆదివాసులకు శత్రువయ్యాడు. లేదా, అన్నీ మరిచిపోయిన మహాత్ముడు.

1861 అక్టోబర్ 17న క్వీన్స్‌లాండ్‌లోని కల్లిన్-లా-రింగో అనే విల్స్ కుటుంబపు పశువుల క్షేత్రంలో ఆదివాసుల దాడికి తండ్రి హొరాషియోతో కలిపి 19 మంది చనిపోయారు. సామాన్ల కోసం వెళ్లడంతో టామ్ బతికాడు. తర్వాత ప్రతీకారంగా ఆదివాసులను అంతకు ఎన్నో రెట్లు చంపారు. ఐదేళ్లకు, 1866 డిసెంబర్ 26న, అదే టామ్ తాను తర్ఫీదు ఇచ్చిన ఆదివాసీ క్రికెట్ జట్టుతో ఎంసీజీలో దిగాడు. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలోవే. 1868లో ఇంగ్లండ్ వెళ్లిన ఆదివాసీ జట్టుకు నాయకుడు ఆయన కాదు, చార్లెస్ లారెన్స్.

చివరికి తాగుడు ఆయన్ని తినేసింది. 1880 మే 2న, 44 ఏళ్లకే, మతి చలించిన స్థితిలో హైడెల్‌బర్గ్‌లో ప్రాణం తీసుకున్నాడు. సమాధికి రాయి పడింది 1980లో. దాని మీద ఏం చెక్కారనుకున్నారు? 'ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ స్థాపకుడు' అని. తోడుగా నిబంధనలు రాసిన హామర్‌స్లీ చూసుంటే తానూ పత్రికకు ఒక ఉత్తరం రాసేవాడు.