మోకాలి గుజ్జు సర్జరీ: నొప్పి పోతే మానినట్టేనా?

ఆపరేషన్ అయిన మూడో నెలకి కుర్ర ఆటగాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, నొప్పి అస్సలు లేదు, ఇక గ్రౌండ్‌లోకి దిగొచ్చా?"

అపోహ: నొప్పి లేదంటే గుజ్జు మానిపోయినట్టే.

వాస్తవం: గుజ్జులో, అంటే కార్టిలేజ్‌లో, నరాలు ఉండవు, రక్తనాళాలూ ఉండవు. మీకు తెలిసే నొప్పి దాని కిందున్న ఎముకదో, కీలు లోపలి పొరదో. అందుకే నొప్పిని నమ్ముకుని ఆటకి దిగకూడదు. మైక్రోఫ్రాక్చర్ అనే సర్జరీలో గుజ్జు పోయిన చోట ఎముకకి సన్నని రంధ్రాలు పెడతాం. మజ్జలోంచి వచ్చిన రక్తం అక్కడ గడ్డకట్టి, నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. అయినా అది అసలు గుజ్జంత మన్నిక ఉన్నది కాదు. గుజ్జు కణాలని ల్యాబ్‌లో పెంచి రెండో సర్జరీలో అమర్చే పద్ధతి ఉంది. స్వీడన్ వైద్యులు 1994లో దాని ఫలితాలు ప్రచురించారు. అలా అమర్చిన పొర మొదట్లో చాలా మెత్తగా ఉంటుంది. ఆటకి తట్టుకోవాలంటే ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఎముకతో సహా గుజ్జు ముక్క తెచ్చి బిగిస్తే కాస్త ముందే వెళ్లొచ్చు.

ఫుట్‌బాల్ ఆడే ఒకమ్మాయి నా ముందే గుంజీలు తీసి చూపించింది. పక్కనే వాళ్ల నాన్న, సెలక్షన్స్ టెన్షన్‌లో. పడుకోబెట్టి చూస్తే మోకాలి చిప్ప పక్కన ఉండాల్సిన పల్లం లేదు. ఒకవైపు అరచేత్తో నిమిరితే రెండోవైపు చర్మం కింద నీరు ఉబికింది. ముందు వారం ఎవరికీ చెప్పకుండా ప్రాక్టీస్‌కి వెళ్లిందట. తిట్టబుద్ధి కాలేదు. ఆ వయసులో ఒక సీజన్ పోవడమంటే మాటలు కాదు. కానీ వాపు వచ్చిందంటే కీలు మీద భారం ఎక్కువైందనే. తొందరపడితే కొత్త పొర ఊడిపోవచ్చు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు.

మిగతావి గబగబా. ఎక్స్‌రే నార్మల్ అంటే గుజ్జు బాగున్నట్టు కాదు, ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు. ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ మొలుస్తుందనేది వాట్సాప్ వైద్యం. అలా మొలిపిస్తుందని రుజువైన ఇంజెక్షన్ ఏదీ లేదు. స్టెరాయిడ్ వేయించుకుని మ్యాచ్ ఆడటం మరీ దారుణం. ఆపరేషన్ అయితే కెరీర్ ముగిసిందని ఏడ్చే తల్లిదండ్రులూ ఉంటారు. చాలామంది తిరిగి ఆడుతున్నారు, అందరూ కాకపోయినా. ఇంకా ఎదిగే వయసు పిల్లల్లో గుజ్జు, దాని కింది ఎముక ముక్క విడివడటం మొదలైనా, అది ఇంకా కదలకుండా ఉంటే, ఆట ఆపితేనే చాలాసార్లు మానుతుంది, కత్తి అక్కర్లేదు. కాలు వంకర, తెగిన లిగమెంట్ ఉంటే మాత్రం వాటినీ సరిచేయాలి. వాటి సంగతి తేల్చకుండా గుజ్జు ఒక్కటే బాగుచేస్తామంటే ఇంకో డాక్టర్‌కి చూపించుకోండి.